మూసిన తలుపులు, తెఱచిన తీర్పు



‘ఇన్ కెమెరా విచారణ’ అను మాట పత్రికలలో తఱచుగా కనబడుచున్నది. దానికి మన పల్లెలలో చెప్పుకొను అర్థము విచిత్రముగా నున్నది. న్యాయస్థానమున ఛాయాచిత్రములు తీయు యంత్రము నొకదానిని నిలిపి, సాక్షి చెప్పినదంతయు అందులో పట్టుదురని కొందఱనుకొనుచున్నారు. అసలు అర్థము దీనికి తలక్రిందులు. ‘కెమెరా’ లాటిను శబ్దము. గది యని దాని యర్థము. పోర్చుగీసువారి ద్వారా మన దేశమునకు వచ్చిన ‘కమరా’ యను మాటయు ఆ శబ్దపు సంతతియే. కక్షిదారులు, వారి వకీళ్లు, అవసరమైన సాక్షులు తప్ప ఇతరులెవ్వరును లేకుండ, గదిలో తలుపులు మూసి చేయు విచారణకే ఆ పేరు. ఛాయాచిత్ర యంత్రమునకు ఆ పేరు వచ్చుటయు, అందు చీకటిగది యుండుటచేతనే.

పేరు సంగతి తేలినది. ఇక అసలు ప్రశ్న కలదు. తలుపులు మూసి విన్న వ్యవహారమున చెప్పిన తీర్పు ఎవరిది? ఆ గదిలో కూర్చున్నవారిదేనా? బయటనున్న మనకును అందులో భాగము కలదా? దానిని మనము చదువవచ్చునా? చదువగోరినవారు ఎవరి నడుగవలయును? పదిమందికి మాట చెప్పు పెద్దలు ఈ సంగతులను తప్పక తెలిసికొనవలయును. ఏలయన, మూసిన తలుపుల వెనుక జరిగినదానిని గుఱించి ఊరిలో పుట్టు కథలను ఆపగలవారును, పెంచగలవారును పెద్దలే.

మొదట మన పూర్వుల పద్ధతి చూతము. మనుస్మృతి ఏడవ అధ్యాయమున, రాజు మంత్రులతో చేయు ఆలోచన కొండమీదనో, మేడలోనో, అడవిలోనో ఏకాంతమున జరుగవలయునని యున్నది. ఎనిమిదవ అధ్యాయమున, వ్యవహారములు చూచునప్పుడు అదే రాజు సభలో ప్రవేశింపవలయునని యున్నది. రాజ్యతంత్రమునకు ఏకాంతము, న్యాయమునకు సభ. ఈ భేదమును వారు బాగుగా నెఱిగిరి. వ్యవహారమునకు వారు నాలుగు పాదములు చెప్పిరి: వాది చెప్పిన మాట, ప్రతివాది యిచ్చిన ఉత్తరము, సాక్ష్యము, నిర్ణయము. నిర్ణయమైన పిమ్మట గెలిచినవానికి ‘జయపత్రము’ నిచ్చుచుండిరి. అందు పై నాలుగు సంగతులను వ్రాసి ముద్ర వేయుట విధి. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెనిగించెను గనుక, ఈ వ్యవహారవిధి తెలుగువారికి ఏడువందల యేండ్లకు పూర్వమే స్వభాషలో నందినది. గెలుపు మాత్రమే చెప్పిన చాలదు, ఎందుచేత గెలిచెనో వ్రాసి చేతికియ్యవలయునన్నదే జయపత్రము యొక్క సారము.

ఇప్పటి చట్టమును చూచినను మూలసూత్రమిదియే. మన రాజ్యాంగము 145వ అధికరణమున, సర్వోన్నత న్యాయస్థానము తన తీర్పును బహిరంగముగానే చెప్పవలయును గాని మఱొక విధమున చెప్పరాదని శాసించినది. సివిలు వ్యవహారముల ప్రక్రియాస్మృతి 153-బి విభాగము, విచారణ జరుగు స్థలము బహిరంగ న్యాయస్థానమనియు, చోటున్నంతవఱకు ప్రజలు ప్రవేశింపవచ్చుననియు చెప్పుచున్నది. క్రిమినలు వ్యవహారములకు 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయు 366వ విభాగమున ఇట్లే చెప్పుచున్నది. కావున విజయవాడలోగాని, మచిలీపట్టణములోగాని, గుడివాడలోగాని న్యాయస్థానమునకు పోయి వెనుక బల్లపై కూర్చుండి విచారణను వినుటకు మీకు హక్కు కలదు. వ్యాజ్యెము మీది కానక్కఱలేదు.

1966లో సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చుండి ఈ విషయమును చర్చించిరి. బొంబాయి హైకోర్టులో జరిగిన యొక పరువునష్టపు దావాలో ఒక సాక్షి, తన సాక్ష్యము పత్రికలలో పడినచో తన వ్యాపారము చెడునని మొఱపెట్టుకొనగా, దానిని ప్రకటింపవలదని న్యాయమూర్తి ఆజ్ఞాపించెను. పత్రికలవారు ఆ యాజ్ఞను ప్రశ్నించిరి. ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కరు గారు బహిరంగ విచారణయే సామాన్య ధర్మమని గట్టిగా చెప్పుచునే, న్యాయము సాగుటకు అత్యవసరమైన చోట తలుపు మూయు అధికారము న్యాయస్థానమునకు కలదని నిర్ణయించిరి. న్యాయమూర్తి హిదయతుల్లా గారు భిన్నాభిప్రాయమును వ్రాసిరి. తలుపు మూయుట అపవాదమే గాని నియమము కాదన్నది ఆ తీర్పు వలన మనము గ్రహింపవలసిన సంగతి.

ఆ యపవాదములు ఏవి? ముఖ్యమైనవి మూడు. హిందూ వివాహచట్టము 22వ విభాగము ప్రకారము భార్యాభర్తల వ్యాజ్యెములు మూసిన గదిలోనే జరుగవలయును. 1955లో చట్టము పుట్టినప్పుడు ఎవరైన కోరిననో, న్యాయస్థానమునకు తోచిననో తలుపు మూయుచుండిరి. 1976 సవరణతో అది తప్పనిసరి యైనది. కుటుంబ న్యాయస్థానములలో, ఏ మతమువారి వ్యాజ్యెమైనను, ఉభయులలో ఒకరు కోరినచో తలుపు మూయవలయునని 1984 నాటి చట్టము చెప్పుచున్నది. రెండవది, మానభంగ నేరముల విచారణ. 1983 నుండి ఇది సామాన్యముగా ఏకాంతమున జరుగుచున్నది. మూడవది, పసిబిడ్డలపై జరిగిన లైంగికనేరముల విచారణ. దీనికి 2012 నాటి చట్టము కలదు.

ఈ యపవాదముల కారణము మనకు తెలియనిది కాదు. ఉదయము న్యాయస్థానమున ఒక ఆడుబిడ్డ కన్నీళ్లతో చెప్పిన మాట సాయంకాలమునకు కాలువగట్టుపై నవ్వులాటయగును. ఆ భయముచే ఆమె సాక్ష్యమే చెప్పకపోయినచో నేరము చేసినవాడు తప్పించుకొనును. కావున తలుపు మూయుట సాక్షిని కాపాడుటకు, కాపురపు గుట్టును కాపాడుటకు. న్యాయమూర్తిని కాపాడుటకు కాదు. ఆయన చెప్పిన కారణములను దాచుటకును కాదు. కాలువ లాకు తలుపులు మూసినను నీటిమట్టపు కొలబద్ద గట్టున అందఱకును కనబడును గదా! విచారణ తలుపు వంటిది, తీర్పు కొలబద్ద వంటిది. కొలబద్దను గూడ కప్పివేసినచో క్రింది రైతు నీరెంత వచ్చినదో, ఎంత పోయినదో చెప్పలేడు.

ఈ భేదము తెలియకపోవుటచే కలుగు నష్టమునకు నేనెఱిగిన యొక యుదాహరణము చెప్పెదను. బడిపని చాలించిన పిమ్మట, ఇంగ్లీషు కాగితములు చదివించుకొనుటకు చుట్టుప్రక్కల గ్రామములవారు నాయొద్దకు వచ్చుచుందురు. దివిసీమనుండి ఒక రైతు తన కూతురి విడాకుల కాగితమును తెచ్చి, “పంతులుగారూ, మా అమ్మాయి గెలిచినట్టా, ఓడినట్టా? ఊళ్లో తలొక మాట అంటున్నారండి” అని యడిగెను. తలుపులు మూసి విచారించిరి గనుక చెప్పరాని దేదో బయటపడియుండునని ఊరిలో అనుకొనుచుండిరట. ఆ యమ్మాయి చెల్లెలికి వచ్చిన సంబంధమొకటి ఆ మాటతోనే వెనుకకు పోయినదట.

ఆయన చేతిలోనున్నది డిక్రీ మాత్రమే. వివాహము రద్దయినదని రెండు వాక్యములు అందున్నవి. కారణములు వ్రాసిన తీర్పు వేఱుగా నుండునని ఆయనకు తెలియదు, కూతురికిని తెలియదు. కుటుంబ న్యాయస్థానముల చట్టము 17వ విభాగము ప్రకారము తీర్పులో వ్యాజ్యెపు సంగ్రహము, తేల్చవలసిన యంశము, నిర్ణయము, దానికి కారణములు, ఈ నాలుగును ఉండవలయును. చూచితిరా, మన జయపత్రపు నాలుగు పాదములే! ఆ యమ్మాయి పేర అర్జీ పెట్టి నకలు తెప్పించి చదివితిమి. భర్త క్రూరముగా ప్రవర్తించినట్లు రుజువైనదనియు, భార్యయందు దోషమేమియు కనబడలేదనియు అందు స్పష్టముగా నున్నది.

తండ్రి సంతోషము పట్టలేక దానిని కరపత్రముగా అచ్చొత్తించి ఊరంతయు పంచెదననెను. అట్లు చేయరాదని వకీలుగారు వారించిరి. అట్టి వ్యాజ్యెపు సంగతులను ముద్రించినను, ప్రకటించినను వేయి రూపాయలవఱకు జరిమానా కలదు. ఆ రక్షణ ఆయన కూతురికి గూడ వర్తించునదే. ఆయన ఆలోచించి ఊరకుండెను. పిమ్మట రచ్చబండయొద్ద ఎవరైన ఆ ప్రసంగము తెచ్చినప్పుడు, “తీర్పు నేను చదివాను. మా అమ్మాయి తప్పేమీ లేదని కోర్టు రాసింది” అని తలయెత్తి ఒక్క మాట చెప్పుచుండెను. అంతవఱకు ఆ మాట చెప్పుటకు ఆయనకు ఆధారమే లేకుండెను.

ఈ చిక్కు మనదేశమున మాత్రమే పుట్టినది కాదు. ఇంగ్లండులో స్కాటు అను నామె తన వివాహమును రద్దు చేయుమని వేసిన దావాను న్యాయస్థానము ఏకాంతమున విచారించెను. తనను గుఱించి పుట్టిన అపవాదును పోగొట్టుకొనుటకు ఆమె ఆ విచారణ వ్రాతప్రతులను మామగారికిని, ఆడుబిడ్డకును, మఱొకరికిని పంపెను. ఇది న్యాయస్థాన ధిక్కారమని క్రింది న్యాయస్థానము నిర్ణయించెను. 1913లో ప్రభువుల సభ ఆ నిర్ణయమును కొట్టివేసెను. న్యాయవిచారణ బహిరంగముగా నుండుటయే ధర్మమనియు, ఏకాంతము న్యాయమునకు అత్యవసరమైన చోటనే తగుననియు వారు చెప్పిరి. మనకిప్పుడు ప్రత్యేక చట్టమున్నది గనుక ఆమె చేసినట్లు మనము చేయరాదు. కాని నిందపడిన యాడుదానికి తన తీర్పు తన చేతిలో నుండుట ఎంత యవసరమో ఆ వ్యాజ్యెము లోకమునకు చాటినది.

తీర్పు వ్రాతలో నిలిచియుండుట మానమునకే గాక ప్రాణమునకును రక్ష. దీనికి దృష్టాంతము మన విజయవాడయొద్దనే కలదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నమున ఒక విద్యార్థినుల వసతిగృహములో ఒక బాలిక ఘోరముగా హత్య చేయబడినది. ఆమె పేరు చెప్పుటకు చట్టము సమ్మతింపదు, చెప్పను. విజయవాడ మహిళా సెషన్సు న్యాయస్థానము 2010 సెప్టెంబరులో ఒక యువకుని దోషిగా నిర్ణయించి శిక్షించెను. నేరము చేసినది అతడు కాదని ఆ బాలిక తల్లిదండ్రులే మొదటినుండి చెప్పుచుండిరి. అతడు ఉమ్మడి హైకోర్టుకు అప్పీలు చేసికొనెను. 2017 మార్చి 31న హైకోర్టు అతడు నిర్దోషియని విడుదల చేసెను. అప్పటికి అతడు చెఱసాలలో ఎనిమిదేండ్లు దాటించెను.

మానభంగముతో కూడిన నేరముల విచారణకు చట్టము ఏకాంతము విధించినదని ముందే చెప్పితిని. అట్టి విచారణలో జరిగిన పొరపాటును బయటి లోకము ఎట్లు కనిపెట్టగలదు? వ్రాసిన సాక్ష్యము, వ్రాసిన కారణములు ఉండుటచేతనే పై న్యాయస్థానము వాటిని పంక్తి పంక్తిగా పరిశీలించి క్రింది తీర్పును త్రోసివేయగలిగెను. నోటిమాటగా ‘వీడు దోషి’ యని చెప్పి విడిచినచో అప్పీలు చేయుటకు ఆధారమేమి యుండెడిది?

ఈ వ్యాజ్యెమున రెండవ పాఠమును కలదు. 2018లో మరల దర్యాప్తు మొదలుపెట్టగా, సాక్ష్యముగా నుంచిన వస్తువులు విజయవాడ న్యాయస్థానమున అప్పటికే నాశనము చేయబడినట్లు బయటపడెను. హైకోర్టు దీనిని తీవ్రముగా భావించి, ఆ సంవత్సరము నవంబరులో హత్యను గుఱించియే గాక ఈ నాశనమును గుఱించియు దర్యాప్తు చేయుమని సి.బి.ఐ.ని ఆజ్ఞాపించెను. తలుపు మూసిన వ్యాజ్యెమునకు దస్తావేజులే కన్నులు. అవి పోయినచో నిజమైన దోషిని పట్టుటయు కష్టమగును, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు సమాధానము చెప్పుటయు కష్టమగును.

ఇక తీర్పు నకలు పొందు మార్గమును చెప్పెదను.

వ్యాజ్యెములో కక్షిదారులైనవారికి హక్కు సంపూర్ణము. హిందూ వివాహచట్టము 23వ విభాగము ప్రకారము విడాకుల డిక్రీ నకలును ఉభయులకును ఉచితముగా ఇయ్యవలయును. కారణములుగల తీర్పు నకలు కావలెనన్న ఆ న్యాయస్థానపు నకళ్ల విభాగమున అర్జీ పెట్టి రుసుము చెల్లింపవలయును. ‘డిక్రీ’ యని మాత్రమే వ్రాయక ‘తీర్పు, డిక్రీ’ యని రెండును అడుగుడు. క్రిమినలు వ్యవహారమున కారాగారశిక్ష పడినవానికి తీర్పు నకలును వెంటనే ఉచితముగా ఇయ్యవలయును. ఇది దయ కాదు, చట్టము.

కక్షిదారులు కాకపోయినను, క్రిమినలు తీర్పువలన బాధ కలిగినవారు, అర్జీ పెట్టి రుసుము చెల్లించి నకలు పొందవచ్చును.

ఏ సంబంధము లేనివారు హైకోర్టు నియమముల ప్రకారము అడుగవలయును. తమకు నకలు ఎందులకు కావలెనో కారణములు వ్రాసి ప్రమాణపత్రముతో అర్జీ పెట్టవలసియుండును. సమాచారహక్కు చట్టము క్రింద అడిగిన చాలదా యని కొందఱు ప్రశ్నింతురు. గుజరాతు హైకోర్టు వ్యాజ్యెమున 2020 మార్చి 4న సర్వోన్నత న్యాయస్థానము, న్యాయస్థానపు నకళ్లను ఆ న్యాయస్థానపు నియమముల ద్వారానే పొందవలయునని నిర్ణయించినది. మూసిన తలుపుల వ్యాజ్యెమైనచో న్యాయమూర్తి యనుమతియు కావలయును; మానభంగ వ్యాజ్యెములలో పేర్లను, చిరునామాలను గుప్తముగా నుంచు నిబంధనపైన ప్రకటనకు అనుమతి ఇయ్యవచ్చునని చట్టమే చెప్పుచున్నది.

విచారణ ఏకాంతమున జరిగినను, క్రిమినలు తీర్పును మాత్రము బహిరంగముగానే చదువవలయునని నాగరిక సురక్షా సంహిత 392వ విభాగము చెప్పుచున్నది. సాధ్యమైనంతవఱకు ఏడు దినములలో తీర్పు ప్రతిని న్యాయస్థానపు అంతర్జాలపుటలో ఉంచవలయుననియు అందే కలదు. ప్రతి వ్యాజ్యెమునకును పదునాఱు అక్షరములు, అంకెలుగల ‘సి.ఎన్.ఆర్.’ సంఖ్య యుండును. దానిని వ్రాసి దాచుకొనుడు. ఇంటిలో చదువుకొన్న మనుమడో, మనుమరాలో దానితో వ్యాజ్యెపు స్థితిని చేతిఫోనులో చూపగలరు. హైకోర్టు భాష ఇంగ్లీషగుట మనకు మఱొక తలుపు వంటిది. సర్వోన్నత న్యాయస్థానము 2019 నుండి తన తీర్పులు కొన్నింటిని తెలుగులోనికి గూడ అనువదింపించి ప్రకటించుట ఆ తలుపును కొంత తెఱచినది.

ఒక హెచ్చరికయు చేయవలయును. ఏకాంతము సాక్షికొఱకు గాక అధికారముకొఱకు వాడబడు ప్రమాదము కలదు. ప్రభుత్వము తన కారణములను ముద్రవేసిన కవరులో పెట్టి న్యాయమూర్తికి మాత్రమే చూపి, ఎదిరికి చూపకుండుట ఇట్టిది. కేరళదేశపు వార్తాప్రసార సంస్థ యొకదాని అనుమతిని పొడిగింప నిరాకరించినప్పుడు ఇట్లే జరిగెను. 2023 ఏప్రిలు 5న సర్వోన్నత న్యాయస్థానము ఆ నిరాకరణను కొట్టివేసి, ఎదిరికి తెలియని కారణములతో అతనిని ఓడించుట సహజన్యాయమునకును, బహిరంగన్యాయమునకును విరుద్ధమని చెప్పినది. ఎవరిని కాపాడుటకు తలుపు మూసిరి? మూసిన తలుపు ఎదుట నిలిచినప్పుడెల్ల మనము వేయవలసిన ప్రశ్న ఇదియే.

తుదకు మన సంగతి. పల్లెలలో భార్యాభర్తల తగవులు నేటికిని పెద్దలయొద్దకే మొదట వచ్చుచున్నవి. రచ్చబండపై వినదగని మాటలు ఇంటిలో కూర్చుండి వినుట మంచిదే. కాని విన్నది గదిలో విడిచి, నిర్ణయమును, దాని కారణములను కాగితముపై వ్రాసి ఉభయులకును చెరియొక ప్రతి నిండు. మానభంగము, పసిబిడ్డలపై దౌర్జన్యము వంటివి మనము తీర్చదగిన తగవులు కావు. అవి న్యాయస్థానమునకు చేరవలసినవి, రాజీమాటలతో వాటిని ఆపరాదు. న్యాయస్థానమున తలుపు మూసి విన్న వ్యాజ్యెము ప్రసంగమునకు వచ్చినప్పుడు, ‘తీర్పు చదివితివా?’ యని అడుగుడు. చదివినవాడు చట్టము మీఱకుండ మాటలాడును. చదువనివాని మాటను అక్కడనే ఆపుడు. ఒక యాడుబిడ్డ గౌరవము, ఒక నిర్దోషి జీవితము ఆ యొక్క ప్రశ్నవలన నిలువవచ్చును.